నలభై రెండో రోజు

నందిమెట్టలో నలభై ఒక్క రోజుల దీక్ష పూర్తి చేసిన మగవాణ్ణి మాలతో సహా ఎనిమిది మడతలు పెట్టి, నాలుగు కలరా ఉండలు వేసి, రేకుపెట్టెలో సర్ది అటకెక్కించడం తాతల నాటి నుంచీ ఉన్న పద్ధతే. దీక్ష మనిషి లోపలికి వెళ్ళే ముందు, అంతవరకు ఆ పెట్టెలో ఉన్న మామూలు మనిషి బయటికొచ్చి, ఒళ్ళు విరుచుకుని, చెప్పులేసుకుని ఊళ్ళోకి పోతాడు. మళ్ళీ కార్తీకం వచ్చేదాకా అతనిదే రాజ్యం. మనిషికి ఒకటే పెట్టె. ఇద్దరూ కలిసి బయట తిరగకూడదని పెట్టె మూత లోపల తెల్లరంగుతో రాసి ఉంటుంది.

ఈ పనులన్నీ చూడటానికి పురపాలక సంఘం పక్కనే దీక్షల కార్యాలయం ఉంది. ప్రతి పెట్టెకూ నంబరు, నంబరు కింద ఇంటిపేరు, లోపల పెట్టిన తేదీ. వేసవిలో ఒక ఉద్యోగి నిచ్చెన పట్టుకుని వచ్చి చెదలు పట్టిందేమో చూసి పోతాడు. వానాకాలం వెళ్ళగానే పెట్టెలు డాబాల మీదికి మోసి, మూతలు తీసి, వడియాల పక్కన ఎండకు పెడతారు. ఎండ తగిలినప్పుడు లోపలి దీక్ష మనుషులు కళ్ళు తెరవకుండానే పెదాలు కదుపుతారు. ఆ సంగతి ఎవరూ పట్టించుకోరు. కాకులు వాలకుండా మాత్రం చూసుకుంటారు.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి. ఆ నలభై ఒక్క రోజులూ ఊరు ఊరిలా ఉంటుంది. నీళ్ళు వదిలేవాడు దీక్షలో ఉంటాడు కాబట్టి కుళాయిలు సరిగ్గా ఆరింటికి వస్తాయి. బ్రాందీ షాపు యజమాని దుకాణం మూసి, గడపకు పసుపు రాసి, చన్నీళ్ళ స్నానం చేసి చాప మీద పడుకుంటాడు. పోలీసు స్టేషనులో లాకప్పు ఖాళీగా ఉంటుంది గనక అందులో పూజ కొబ్బరికాయలు నిలవ చేస్తారు. ఏడాది పొడుగునా కదలని కాగితాలు ఆ రోజుల్లో ఒక్క పూటలో సంతకమై చేతికొస్తాయి. తెలివైనవాళ్ళు పిల్లల జనన ధ్రువపత్రం దగ్గర్నుంచి పొలం గట్టు తగాదా దాకా అన్నీ ఆ రోజులకే అట్టే పెట్టుకుంటారు. భయం ఉండాలి, భక్తి ఉండాలి, అప్పుడే మనిషి దారిలో ఉంటాడని ఊళ్ళో అందరూ ఒప్పుకుంటారు. ఒప్పుకుని, నలభై రెండో రోజున ఆ మనిషిని మడతపెడతారు.

మడతపెట్టే పని ఇల్లాలిదే. చీరలు మడతపెట్టే చేతికే అది కుదురుతుందంటారు. మంగతాయారు కూడా మొగుడు సూరిబాబుని ఎనిమిదేళ్ళుగా పాదాల దగ్గర మొదలుపెట్టి ఒద్దికగా మడతపెడుతూనే ఉంది. దీక్షలో ఉన్న సూరిబాబు ఆ కాసేపూ కదలడు. మెడ దాకా వచ్చేసరికి మాత్రం, "మీ చేతులు నొప్పెడతాయి, నెమ్మదిగా కానివ్వండి మాతా" అంటాడు. దీక్షలో ఉన్నవాడికి ఆడవాళ్ళందరూ మాతలే కదా, పెళ్ళామైనా సరే. ఆమె కూడా ఆ రోజుల్లో అతన్ని స్వామీ అనే పిలుస్తుంది.

మామూలు సూరిబాబు మోటార్లకు వైండింగు చేస్తాడు. పనిమంతుడే. సాయంత్రం ఆరు దాటితే మాత్రం మనిషి మనిషి కాదు. తాగి వచ్చిన రోజున కంచాలు ఎగురుతాయి. తాయారు మీద చెయ్యి లేస్తుంది. తొమ్మిదేళ్ళ కూతురు హిమజ మీద ఎప్పుడూ లేవలేదు. అయినా ఆ పిల్ల తండ్రి ఇంట్లో ఉన్నంతకాలం గొంతెత్తి ఒక్క మాట మాట్లాడదు. ఏం కావాలన్నా తల్లి చెవిలోనే చెబుతుంది, అదీ సగమే. బళ్ళో టీచరు అడిగితే నేల చూపులు చూస్తుంది. దీక్ష రోజుల్లో అదే పిల్ల వంటింటి గడప మీద కూర్చుని పాఠాలు వీధికి వినిపించేలా చదువుతుంది. ఆ గొంతు వింటూ కూర తరుక్కునే నలభై ఒక్క రోజులే తాయారుకి ఏడాదంటే.

తొమ్మిదో ఏడు నలభై రెండో రోజు పొద్దున తాయారు స్టూలెక్కి పెట్టె కిందికి దించింది. రేకు నేలకి తగిలి చప్పుడైంది. గడప మీద హిమజ చదువుతున్న పద్యం రెండో పాదంలో ఆగిపోయింది. తాయారు అటు చూసింది. పిల్ల పుస్తకం మూసి, రెండు చేతులూ దాని మీద పెట్టుకుని కూర్చుంది. పెదాలు కదులుతున్నాయి గానీ మాట బయటికి రావడం లేదు. తాయారు పెట్టె మీంచి చెయ్యి తీసేసింది. పెట్టె మూత తియ్యలేదు. మళ్ళీ అటక మీదికి తోసేసి, చీర మార్చుకుని కార్యాలయానికి బయల్దేరింది.

గుమాస్తా కామేశం గారికి అది దీక్షలో ఆఖరి రోజు. నుదుటి నిండా విభూతితో, ఎదుట శుభ్రంగా తుడిచిన బల్లతో కూర్చుని ఉన్నాడు.

"స్వామీ, మా ఆయన్ని మడతపెట్టను. ఈయన్నే ఉంచేసుకుంటాను" అంది తాయారు.

"పొడిగింపు దరఖాస్తు ఉంది మాతా. కూర్చోండి" అని ఆయన సొరుగు తీశాడు.

"ఇలా అడిగేవాళ్ళుంటారాండి?"

"ఏటా ఓ పాతికమంది. వారం తిరక్కుండానే వచ్చి వెనక్కి తీసుకుంటారు."

"ఏం?"

"కారణం రాయడానికి గడి ఉంది మాతా. ఎవరూ నింపరు. మేమూ అడగం."

నిబంధనలు ఆయనే చదివి వినిపించాడు. మొదట ఇంకో నలభై ఒక్క రోజులు ఇస్తారు. ఎనభై రెండో రోజు సాయంత్రం ఐదులోగా ఇల్లాలు స్వయంగా వచ్చి, ఉంచుకుంటానో, మార్చుకుంటానో చెప్పి సంతకం పెట్టాలి. ఉంచుకుంటానంటే ఇక పెట్టెలో ఉన్నవాడి మడతలు అతుక్కుపోతాయి.

"చచ్చిపోతాడాండి?" అని అడిగింది తాయారు.

"అబ్బే, చావడు. అలాగే ఉంటాడు. ఇంకో మాట మాతా, రేపటికి నేను పెట్టెలో ఉంటాను. మీరు మళ్ళీ వచ్చేసరికి ఇక్కడ మామూలువాడుంటాడు. వాడు కాస్త విసుక్కుంటాడు, ఏమీ అనుకోకండి."

ఒకట్రెండు రోజుల్లో ఊరు తన దారిన తాను పడింది. కుళాయిలు మానేశాయి. బ్రాందీ షాపు గడప మీద పసుపు చెప్పుల కింద చెరిగిపోయింది. లాకప్పులో కొబ్బరికాయలు తీసి మనుషుల్ని పెట్టారు. ఒక్క తాయారు ఇంట్లోనే తెల్లవారుజామున నాలుగింటికి చన్నీళ్ళ చప్పుడు, ఆ వెనక గంట, ఆ వెనక హారతి. హిమజ గొంతు వీధి చివరికి వినిపించింది. పక్కింటివాళ్ళు తాయారుని అదోలా చూశారు గానీ ఆమెకి అదేమీ పట్టలేదు. ఇన్నేళ్ళకి సుఖంగా ఉంది. చెయ్యి లేస్తుందేమోనని తల వంచుకునే అలవాటు కూడా మెల్లగా పోతోంది.

పొడిగింపులో ఆరో రోజున సూరిబాబు పూజ ముగించుకొచ్చి, "చిన్నమాతా, ఇవాళ ఏం పాఠం?" అని అడిగాడు. హిమజ చెప్పింది. "బాగుంది. మళ్ళీ చదువు" అన్నాడు. తర్వాత బావి గట్టు వైపు చూసి చిన్నగా నవ్వాడు. నెలన్నర కిందట కూడా సరిగ్గా ఇలాగే అడిగి, ఇలాగే అని, ఇలాగే నవ్వాడని తాయారుకి గుర్తొచ్చింది. ఆ రోజు బావి గట్టు మీద పిల్లి ఒకటి జారిపడింది. ఇవాళ అక్కడ పిల్లి లేదు.

ఆ పైన ఆమె లెక్క చూస్తూ వచ్చింది. ఏడో రోజున కూరలో ఉప్పు తక్కువైనా, సరిపోయిందని చెప్పాడు. మొదటిసారి ఏడో రోజునా అంతే. ఎనిమిదో రోజున గుమ్మంలో ఆగి, లేని వాన కోసం ఆకాశం చూసి, తువ్వాలు నెత్తిన వేసుకుని వెళ్ళాడు. దీక్ష మనిషిలో ఉన్నవి నలభై ఒక్క రోజులే. అవి అయిపోతే మళ్ళీ మొదటి రోజే. ఏటా పది నెలలు మధ్యలో పెట్టెలో ఉంటాడు కాబట్టి ఎవరికీ తెలియలేదు. హిమజ కూడా కనిపెట్టింది. మరో రోజు పాఠం అడిగే వేళకి, "మా బడికి ఏనుగొచ్చింది, టీచర్ని తినేసింది" అని చెప్పింది. "బాగుంది. మళ్ళీ చదువు" అన్నాడు సూరిబాబు. పిల్ల నవ్వలేదు. తల్లి వైపు చూసింది.

పదమూడో రోజున హిమజకి జ్వరం తగిలింది. మధ్యాహ్నానికి ఒళ్ళు పెనంలా కాలుతోంది. పదమూడో రోజంటే భజన. సూరిబాబు తాళాలు పట్టుకుని మంచం పక్కనుంచే వెళ్తున్నాడు.

"స్వామీ, పిల్లకి బాగాలేదు. డాక్టరు దగ్గరికి తీసుకెళ్దాం" అంది తాయారు.

"అంతా ఆయనే చూసుకుంటాడు మాతా" అని, పడుకున్న పిల్ల తల మీద అక్షింతలు వేసి, చెప్పుల్లేని కాళ్ళతో సమయానికి వెళ్ళిపోయాడు. ఆ మాటా పాతదే. ఇంతకుముందు పదమూడో రోజున గ్యాసు బండ అయిపోయిందన్నప్పుడు అన్నాడు.

అప్పుడు అటక మీంచి గొంతు వినిపించింది. రేకు వెనకనుంచి వస్తోంది గనక కాస్త బొంగురుగా ఉంది.

"తాయారూ. పిల్ల మూలుగుతోందేంటే?"

తాయారు స్టూలు మీదికెక్కి పెట్టెకి నోరు దగ్గరగా పెట్టింది. "జ్వరం."

"నన్ను దించవే. భుజాన వేసుకుని ఆర్‌ఎంపీ దగ్గరికి తీసుకెళ్తాను. ఈ కలరా ఉండల వాసనకి నాకు తల పగిలిపోతోంది."

"దించితే తాగరా?"

"ఇవాళ తాగను."

"రేపు?"

లోపల ఎవరో పక్కకి తిరగాలని చూసి వీలుకాక ఆగిపోయినట్టు రేకు కిర్రుమంది. "పెట్టెలో ఉండి నీకు అబద్ధం చెప్పడం దేనికే. రేపు తాగుతాను."

తాయారుకి ఏడుపొచ్చింది. మాత అనకుండా తన పేరు తనకి వినిపించి ఎన్నాళ్ళయిందో. పెట్టె మీద ఒకసారి చెయ్యి వేసింది. తర్వాత దిగి, పిల్లని తానే ఎత్తుకుని ఆర్‌ఎంపీ డాక్టరు దగ్గరికి నడిచింది.

జ్వరం తగ్గాక హిమజ మారింది. ఎవరూ లేపకుండానే నాలుగింటికి లేస్తోంది. స్వామి చాప పక్కన తన చాప వేసుకుంది. ఇంట్లో ఏ రోజున ఏ మాట వస్తుందో దానికి కంఠతా వచ్చేసింది. ఆయన అడగబోయే ముందే జవాబు సిద్ధం చేసుకుని నిలబడుతుంది. గొంతు ఖంగుమంటుంది. ఒక్క అక్షరం తప్పు పోదు. చెవిలో చెప్పడం మానేసింది. చెవిలో చెప్పేటంత సంగతులు కూడా ఏమీ లేనట్టుంది. టీచరు తాయారుని పిలిపించి, "ఇంత క్రమశిక్షణ ఎలా నేర్పారండీ, మిగతా తల్లులకి కూడా కాస్త చెప్పండి" అంది. ముప్పై ఎనిమిదో రోజున అన్నం తిని చెయ్యి కడుక్కుంటూ హిమజ, "ఇంక చాలు మాతా" అంది.

ఎనభై రెండో రోజు తాయారు మూడు గంటలకల్లా కార్యాలయానికి వెళ్ళింది. ఏం చెప్పాలో ఇంకా తేల్చుకోలేదు. అటక మీది మనిషి కంచాలు విసురుతాడు, కానీ పేరు పెట్టి పిలుస్తాడు. కింద ఉన్న మనిషి ఏ తప్పూ చెయ్యడు, కానీ ఇంట్లో ఎవరున్నారో అతనికి తెలియదు. పిల్లకి ఏది మేలు? అక్కడికెళ్ళాక ఏదో ఒకటి తేలుతుందనుకుంది.

మామూలు కామేశం కుర్చీలో వెనక్కి వాలి, పేపరు ముక్కలో పకోడీలు తింటున్నాడు. బల్ల నిండా టీ గ్లాసుల మరకలు.

"పొడిగింపా? ఇలాంటివన్నీ నా నెత్తిన పడేసి వాడు హాయిగా పెట్టెలో పడుకుంటాడు" అని గొణుక్కుంటూ నూనె చేతులతోనే రిజిస్టరు తిరగేశాడు. "ఇదిగో, సూరిబాబు. సూరిబాబుది ఇక్కడుంది. దాని కింద నీది."

"నాది ఏమిటండీ?"

"నీ దీక్ష. మంగతాయారు, వైశాఖం, పన్నెండేళ్ళయింది. విరమణ తేదీ దగ్గర గీత కొట్టేశారు. ఆడవాళ్ళకి కొట్టేస్తారు."

"నేనెప్పుడు మాల వేసుకున్నానండీ?"

కామేశం పకోడీ పట్టుకున్న చేత్తోనే ఆమె మెడ వైపు చూపించాడు. "మరి అదేంటమ్మాయ్? నీ పెట్టె వెనక గదిలో ఉంది, చూస్తానంటే చూడు. ఆడవాళ్ళవి ఇళ్ళకివ్వం. అటకలు చాలవు."

వెనక గది ఊళ్ళోకెల్లా పెద్దది. నేల నుంచి కప్పు దాకా పెట్టెలు, వాటి మధ్య మనిషి పట్టేటంత దారి. తాయారు నంబర్లు చూసుకుంటూ వెళ్ళింది. దారిలో తెలిసిన ఇంటిపేర్లు చాలా కనిపించాయి. టీచరుది కూడా ఉంది. తనది కింది వరసలో, తాళం తుప్పు పట్టి ఉంది. కూర్చుని చెవి ఆనించింది. లోపల ఎవరో సన్నగా పాట తీస్తున్నారు. పాట ఆగింది.

"ఎవరూ?"

తాయారు తన పేరు చెప్పింది.

లోపలి అమ్మాయి నవ్వింది. "అది నా పేరు. పెళ్ళి భోజనాలు అయిపోయాయా? నన్ను తియ్యడం మర్చిపోయారేంటి?"

"పన్నెండేళ్ళయింది."

"అబ్బో. పోనీలే. కాలవకి నీళ్ళొదిలారా? ఈత నేర్పిస్తానన్నాడు మా చిన్నమావయ్య. నేను ఒక్కరోజులో నేర్చుకుంటానని పందెం కాశాను."

ఆ మావయ్య పోయి ఏడేళ్ళయింది. తాయారు ఆ సంగతి చెప్పలేదు. "నువ్వు బయటికొస్తే నేను లోపలికెళ్ళాలి. హిమజని చూసుకుంటావా? అన్నంలో పెరుగు పోసి కలిపితేగాని తినదు" అంది.

"హిమజ ఎవరు? ఎవరి పిల్ల?" అని అడిగింది లోపలి అమ్మాయి. కోపంగా కాదు, తెలియక అడిగింది.

తాయారు పెట్టెకి వీపు ఆనించి కూర్చుంది. పొద్దున్నించీ తను ఇంట్లో అన్న మాటలు ఒక్కొక్కటే తలుచుకుంది. నీళ్ళు కాగాయి. జడకి రిబ్బను తే. డబ్బా మూత సరిగ్గా పెట్టు. ఎండలో తిరక్కు. నిన్న కూడా ఇవే. అటు మొన్నా ఇవే. ఇవాళ కొత్తగా అన్న మాట ఒకటి దొరుకుతుందేమోనని చాలాసేపు వెతికింది. దొరకలేదు. భయమేసింది. ఆ భయం కూడా నిమిషంలో సర్దుకుంది, వేళకి పొయ్యి మీద ఎసరు పెట్టాలన్న సంగతి గుర్తొచ్చేసరికి. అలా వేళకి గుర్తు రాబట్టే కదా పిల్ల ఇంత వరకు పెరిగిందనుకుంది. పెట్టెలో ఉన్నవాళ్ళకి పేర్లు తెలుసు, పాటలు తెలుసు. పిల్లల్ని పెంచేది మాత్రం బయట దీక్షలో ఉన్నవాళ్ళే. లోపలినుంచి పాట మళ్ళీ మొదలైంది. తాయారు లేచి చీర దులుపుకుంది.

బల్ల దగ్గరికొచ్చి, "ఉంచుకుంటానండి" అని సంతకం పెట్టింది. ఆ క్షణంలో అటక మీద ఏం జరిగి ఉంటుందో ఆలోచించకుండా ఉండటానికి, కామేశం ముద్ర వేస్తున్న చేతినే చూస్తూ నిలబడింది.

"ఇంట్లో ఆడపిల్ల ఉందిగా? ఎన్నేళ్ళు?" అన్నాడు కామేశం.

"తొమ్మిదండి."

"ఎప్పటికైనా కావలసిందే. కొలతలు ఇప్పుడే ఇచ్చేశావంటే మళ్ళీ తిరిగే పని ఉండదు. పొడవెంత ఉంటుంది?"

తాయారు అరచెయ్యి తన రొమ్ము దగ్గర అడ్డంగా పెట్టి చూపించింది. కామేశం కళ్ళతోనే అంచనా వేసి అంకె రాయబోయాడు.

"కాస్త వదులుగా చేయించండి. ఎదిగే పిల్ల" అంది తాయారు.

కామేశం ఆ మాట కూడా రాసుకున్నాడు.